అమ్మకు చెప్పాలా వద్దా అని దేవుణ్ణి అడిగాను, జవాబు రాలేదు

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్ళు. మాది కోనసీమ. వైద్యం కోసం అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) క్యాన్సర్, కాలేయానికి కూడా పాకింది అన్నారు డాక్టర్లు. కామెర్లు తగ్గడానికి స్టెంట్ వేశారు, కీమో మొదలుపెట్టారు. అమ్మకు మాత్రం పిత్తాశయంలో రాళ్ళనీ, ఇవి బలానికి ఎక్కించే మందులనీ చెప్పాం. అన్నయ్య నిజం చెప్పనివ్వడు. నాన్నకు జబ్బు సంగతి తెలిసిన మూడు వారాలకే పోయారు, అమ్మను కూడా అలాగే చంపుకుందామా అంటాడు. మా పాస్టర్ గారేమో ఆ రోగం పేరు నోటితో పలకవద్దు, పలికితే దానికి చోటిచ్చినట్టే అన్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అమ్మకు వచ్చిన వాగ్దాన కార్డు మీద "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అని ఉంది. దాన్ని బీరువా అద్దానికి అంటించుకుని రోజూ చదువుకుంటోంది. మొన్న రాత్రి "నాకేమైందో నిజం చెప్పవే" అని అడిగింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చి, ఏం లేదమ్మా అన్నాను. ఉపవాస ప్రార్థన చేశాను. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడితే ఒకసారి దినవృత్తాంతాల్లో పేర్ల జాబితా వచ్చింది, ఇంకోసారి "ప్రేమ గలిగి సత్యము చెప్పుచు" అని వచ్చింది. చీట్లు వేస్తే "వద్దు" అని వచ్చింది. దేవుడు నాకేం చెబుతున్నాడు? నేను తప్పు చేస్తే క్షమిస్తాడా?

– ఒక సహోదరి, హైదరాబాద్

జవాబు:

సహోదరికి వందనాలు.

మీ ఉత్తరం చదువుతూ మీరు ఎవరెవరిని అడిగారో లెక్కపెట్టాను. అన్నయ్యను అడిగారు, పాస్టర్ గారిని అడిగారు, బైబిలులో వేలు పెట్టి అడిగారు, చీట్లు వేసి అడిగారు, ఉపవాసముండి దేవుణ్ణి అడిగారు. అమ్మను అడగలేదు. ఆవిడే మిమ్మల్ని అడిగింది. దేవుడు మాట్లాడటం లేదని మీరు బాధపడుతున్నారు గానీ, ఈ విషయంలో ముందుగా నోరు తెరిచి మాట్లాడాల్సిన మనిషి మీ పక్క గదిలోనే ఉంది, మాట్లాడింది కూడా. నా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ అన్నయ్య సంగతి. ఆయన్ను మొండివాడిగా చూడకండి. నాన్న పోయిన తీరు ఆయన మనసులో గట్టిగా నాటుకుంది. మూడు వారాల్లో పోయారంటే అప్పటికే జబ్బు బాగా ముదిరి ఉంటుంది. ఆ మాట చెప్పకపోయినా ఆ మూడు వారాలు మూడేళ్ళు అయ్యేవి కావు. కానీ నాన్నకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు? మీరు రాయలేదు. చాలా ఆసుపత్రుల్లో జరిగేదేమిటంటే, రౌండ్స్‌కు వచ్చిన కుర్ర డాక్టరు ఫైలు తిరగేస్తూ నలుగురి ముందు ఒక్క ముక్కలో చెప్పేసి పక్క మంచానికి వెళ్ళిపోతాడు. మీ నాన్నగారికి కూడా అలాగే తెలిసి ఉంటే, మీ అన్నయ్య భయపడుతున్నది ఆ నిజం తెలియడానికి కాదు, అది చెప్పిన పద్ధతికి. ఈ రెండూ వేరని ఆయనకు అర్థమైతే సగం గొడవ తీరుతుంది. ఆయనకు చెప్పకుండా, ఆయన ఊళ్ళో లేనప్పుడు చూసి అమ్మకు చెప్పే పని మాత్రం చేయకండి. అది ఇంకో దాపరికం అవుతుంది. రేపు అమ్మ లేని రోజుల్లో అన్నాచెల్లెళ్ళ మధ్య మిగిలేది అదే.

ఇక దేవుడి సంగతి. చెప్పమంటున్నాడా వద్దంటున్నాడా అని అడిగారు. బైబిలు ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో తీర్పు చెప్పదు. చెబుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. రాజుల రెండవ గ్రంథమే తీసుకోండి. ఎనిమిదో అధ్యాయంలో సిరియా రాజు బెన్హదదు జబ్బుపడి, బతుకుతానో లేదో కనుక్కురమ్మని తన సేవకుడు హజాయేలును ఎలీషా ప్రవక్త దగ్గరికి పంపిస్తాడు. ఎలీషా, స్వస్థత పొందుతావనే వెళ్ళి చెప్పు, అయితే అతను నిశ్చయంగా చనిపోతాడని దేవుడు నాకు తెలియజేశాడు అంటాడు. అని ఏడుస్తాడు. హజాయేలు వెళ్ళి రాజుకు మొదటి ముక్క చెబుతాడు, రెండోది మింగేస్తాడు. మర్నాడు తడిపిన గుడ్డ ముఖాన పరిచి రాజును చంపేస్తాడు. అదే గ్రంథం ఇరవయ్యో అధ్యాయానికి వస్తే హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వస్తుంది. యెషయా ప్రవక్త నేరుగా పడక దగ్గరికే వెళ్ళి, నీవు మరణమవుచున్నావు, బ్రదుకవు గనుక నీ యిల్లు చక్కబెట్టుకొనుము అని చెప్పేస్తాడు. ఒకే గ్రంథంలో ఇద్దరు రాజులు, రెండు రోగాలు. ఒకరికి చెప్పారు, ఒకరికి చెప్పలేదు. మీ అన్నయ్యకు బెన్హదదు కథ తెలిస్తే మీ మీదకు వాడుకోవచ్చు కూడా. వాడుకుంటే, ఆ కథలో నిజం దాచినవాడి చేతిలో తడిగుడ్డ ఉందని గుర్తు చేయండి. పాపం మీ అన్నయ్య చేతిలో ఉన్నది మందుల చీటీయే అనుకోండి.

హిజ్కియా దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. మీ పాస్టర్ గారి మాటకు జవాబు అక్కడే ఉంది. ఆ వార్త విన్నాక హిజ్కియా ఏం చేశాడు? గోడవైపు ముఖం తిప్పుకుని ప్రార్థించాడు, కన్నీళ్ళు విడిచాడు. యెషయా ఇంకా నడిమి ఆవరణ దాటకముందే దేవుడు అతన్ని వెనక్కి పంపాడు. పదిహేనేళ్ళ ఆయుష్షు పెరిగింది. పైగా యెషయా అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు, అంటే వైద్యం కూడా జరిగింది. రోగం పేరు, మరణం మాట చెవిన పడటం వల్ల అతని విశ్వాసం చెడలేదు. అసలు తెలిసింది కాబట్టే అలా ప్రార్థించగలిగాడు. మీ అమ్మ ఇప్పుడు దేనికోసం ప్రార్థిస్తోంది? పిత్తాశయంలో రాళ్ళు కరగాలని. ఇంట్లో అందరూ ఒక రోగం కోసం ప్రార్థిస్తుంటే, రోగి ఒక్కతే ఇంకో రోగం కోసం ప్రార్థిస్తోంది. ఆవిడ ప్రార్థనను కూడా మనం ఆవిడకు తెలియకుండా తప్పుదారి పట్టించాం. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే.

పౌలు కూడా రోగం ఊసెత్తకుండా ఉండలేదు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరైన సంగతి ఫిలిప్పీయులకు రాశాడు. త్రోఫిము రోగియై ఉంటే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. అవిశ్వాసంతో రాశాడని ఎవరూ అనరు గదా. మీ పాస్టర్ గారితో వాదానికి దిగమని కాదు. ఆయన ప్రేమతోనే చెప్పి ఉంటారు. ఈ లేఖన భాగాలు ఆయన ముందు పెట్టి, అయ్యగారూ వీటి గురించి ఏమంటారు అని మర్యాదగా అడగండి. ఆ తర్వాత కూడా ఒప్పుకోకపోతే, ప్రార్థన ఆయన దగ్గర తీసుకోండి, ఈ నిర్ణయం మాత్రం ఇంట్లోనే తీసుకోండి.

వాగ్దాన కార్డు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. దాన్ని అద్దం మీద నుంచి తీయకండి. డిసెంబరు 31 రాత్రి బుట్టలోంచి తీసుకునే ఆ కార్డులు ప్రెస్సులో వందల్లో అచ్చవుతాయి, ఒకే వాక్యం ఎన్నో ఇళ్ళకు వెళుతుంది. అది డాక్టరు రిపోర్టుకు ఎదురు రిపోర్టు కాదు. ఆ వాక్యం ఉన్న 118వ కీర్తన పాడినవాళ్ళూ ఒకనాటికి కన్నుమూశారు. యేసు సమాధిలోంచి లేపిన లాజరు కూడా మళ్ళీ చనిపోయాడు. అయినా ఆ వాక్యం ధైర్యాన్నిస్తుందంటే ఇవ్వనివ్వండి. నిజం తెలిశాక కూడా ఆవిడ అదే కార్డును ఇంకో అర్థంలో చదువుకోగలదు. మన ముందుతరం ఆడవాళ్ళ విశ్వాసం మనం అనుకున్నంత పల్చనిది కాదు.

చీట్లు, వేలు పెట్టడం. చీట్లు వేయడం బైబిలులో ఉంది, కాదనను. యేసును పట్టించిన యూదా స్థానంలో మత్తీయను శిష్యుడిగా ఎన్నుకున్నదీ చీట్లతోనే. కానీ ఆ వెంటనే పెంతెకొస్తు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు వచ్చింది. ఆ తర్వాత శిష్యులు ఏ నిర్ణయానికైనా చీట్లు వేసినట్టు రాసి లేదు. అన్యజనులను సంఘంలో చేర్చుకోవడంలో పెద్ద చిక్కు వచ్చినప్పుడు యెరూషలేములో కూర్చుని వాదించుకున్నారు, ఒకరి మాట ఒకరు విన్నారు, చివరికి ఒక తీర్మానానికి వచ్చి ఉత్తరం రాశారు. అది అపొస్తలుల కార్యాలు పదిహేనో అధ్యాయం. మీ ఇంట్లో జరగనిది సరిగ్గా అదే. కూర్చోవడం, వినడం. చీటీ వేస్తే ఆ కష్టం తప్పుతుందని మనకు ఆశ. ఒకవేళ "చెప్పు" అని వచ్చి ఉంటే, తెల్లారే వెళ్ళి చెప్పేసేవారా? ఇంకోసారి వేసి ఉండేవారని నా అనుమానం.

గిద్యోను కూడా నేల మీద ఉన్ని పరిచి, దాని మీద మంచుతో గుర్తు చూపమని దేవుణ్ణి రెండుసార్లు అడిగాడు గదా అంటారేమో. అతనికి ఏం చేయాలో ముందే స్పష్టంగా చెప్పారు. అతను అడిగింది ధైర్యం కోసం. మీకూ ఒక రకంగా అంతే. ఏం చేయాలో మీకు తెలియక కాదు, అమ్మ ముఖంలో ముఖం పెట్టి చూడలేక దేవుణ్ణి మధ్యలోకి రమ్మంటున్నారు. రమ్మనండి, తప్పు లేదు. మీకు బదులు మాట్లాడమని కాకుండా, మీరు మాట్లాడేటప్పుడు పక్కన ఉండమని అడగండి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో, జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగమన్నాడు, గద్దించకుండా ఇస్తాడన్నాడు. సూచన అడగమనలేదు.

మన సంఘాల్లో ఇంకో మాట బాగా వినిపిస్తుంది: ప్రార్థిస్తే మనసుకు సమాధానం కలిగింది, కాబట్టి ఇదే దేవుని చిత్తం. మీరు అది కూడా రాలేదని కుంగిపోతున్నట్టున్నారు. దాని మీద మరీ ఆధారపడకండి. దేవుని మాట కాదని తర్షీషు ఓడ ఎక్కిన యోనా, తుపానులో కూడా అడుగున పడుకుని గాఢనిద్ర పోయాడు. తండ్రి చిత్తానికి లోబడిన యేసు గెత్సేమనేలో రక్తబిందువుల్లాంటి చెమట కార్చాడు. మనసు నెమ్మదిగా ఉండటమే గుర్తు అయితే ఆ రాత్రి ఎవరు సరైన దారిలో ఉన్నట్టు? మీకు టెన్షన్ ఉంటుంది, చేతులు వణుకుతాయి, ఆ ముందు రాత్రి నిద్ర పట్టదు. అది దేవుడు వద్దంటున్నాడనడానికి సూచన కాదు, మీరు కూతురు కాబట్టి.

సరే, అమ్మ దగ్గర ఏం మాట్లాడాలి? ఇక్కడే అందరూ పొరబడతారు. చెప్పాలా వద్దా అని రెండే దారులున్నట్టు కొట్టుకుంటాం. చెప్పడానికి ముందు అడగడం అనేది ఒకటుంది. క్యాన్సర్ డాక్టర్లకు దీన్ని ఒక పద్ధతిగానే నేర్పుతారు. రోగికి ఇప్పటికే ఏం తెలుసో, ఇంకా ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కున్నాకే విషయంలోకి దిగాలి. మీరూ అలాగే మొదలుపెట్టండి. "మొన్న నువ్వు అడిగితే నేను తప్పించుకున్నానమ్మా. నీకేమనిపిస్తోంది, ఏమై ఉంటుందని?" అని అడిగి ఆపండి. ఆపడం ముఖ్యం. ఆ మౌనం భరించలేక మనమే ఏదో ఒకటి వాగేస్తాం. ఆవిడను మాట్లాడనివ్వండి. తర్వాత, "డాక్టరు గారు మాకు కొన్ని విషయాలు చెప్పారు. నీకు అన్నీ చెప్పమంటావా, లేకపోతే మమ్మల్నే చూసుకోమంటావా?"

ఆవిడకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు, ఆశ్చర్యపోకండి. కీమో ఇచ్చే డే కేర్ గదిలో పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ, సెలైన్ ఎక్కుతుంటే ఊరుకోదు. మీదే ఊరండీ, మీకు ఇది ఎన్నో కీమో అండీ అని అడుగుతుంది. గోడ మీద పోస్టర్లుంటాయి. జుట్టు రాలినవాళ్ళు చుట్టూ కనబడుతుంటారు. మీరు రిపోర్టులు ఎక్కడ దాచారో తెలియదు గానీ, ముప్పై నలభై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషికి ఇంట్లో ఏ ఫైలు ఎక్కడికి మారిందో కనిపెట్టడం పెద్ద పని కాదు. చాలామంది తల్లులు తెలిసి కూడా అడగరు. పిల్లలు ఏడుస్తారని. అంటే మీరు ఆవిడను కాపాడుతున్నామనుకుంటుంటే, ఆవిడ మిమ్మల్ని కాపాడుతూ ఉండొచ్చు. మీ అమ్మ ఒక రాత్రి ఉండబట్టలేక అడిగేసింది.

ఒకవేళ, "నాకేం వద్దమ్మా, ప్రభువు చూసుకుంటాడు, మీరే చూసుకోండి" అంటే? అప్పుడు చెప్పకండి. అది కూడా ఆవిడ నిర్ణయమే, మీ అన్నయ్యది కాదు, మీది కాదు. మళ్ళీ అడిగినప్పుడు చూద్దురు గాని. తెలుసుకోవాలంటే మాత్రం కొద్దికొద్దిగా చెప్పండి, అడిగినంత మేర చెప్పండి. రాళ్ళు కాదమ్మా, గడ్డ. మంచి గడ్డ కాదు. కాలేయానికి కూడా వచ్చింది. పూర్తిగా తగ్గించడం కష్టమన్నారు, బాధ లేకుండా చూస్తామన్నారు. ఎన్నాళ్ళని అడిగితే నెలల లెక్క మీరు చెప్పకండి, ఆ లెక్క డాక్టరు నోటి నుంచే రావాలి, అది కూడా అంచనాయే. కీమో ఎక్కించిన రోజూ, మర్నాడూ ఈ మాట ఎత్తవద్దు, వాంతులతో నీరసంగా ఉంటారు. రాత్రిపూట వద్దు. అన్నయ్య పక్కనుంటే మంచిది, మాట్లాడకపోయినా సరే.

అన్నయ్య ఇంకా ఒప్పుకోకపోతే ఒక విషయం చెప్పి చూడండి. స్పృహలో ఉన్న, అర్థం చేసుకోగల పెద్ద మనిషికి చికిత్స చేయాలంటే ఆ మనిషి అనుమతే కావాలి, ఇంట్లోవాళ్ళ సంతకం దానికి బదులు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. 2002 నాటి వైద్యుల నియమావళి కూడా రోగి పరిస్థితిని ఎక్కువ చేసీ చెప్పవద్దు, తక్కువ చేసీ చెప్పవద్దు అంటుంది. అన్నయ్యను బెదిరించడానికి కాదు ఇది. కీమో కొనసాగించాలా వద్దా అనే రోజు ఒకటి వస్తుంది. రాళ్ళకు మందు అనుకుంటున్న మనిషిని ఆ రోజు ఏమని అడుగుతారు? ఊరికి వెళ్ళి చర్చి పక్క ఇంట్లో ఉండాలని ఆవిడకు ఉందేమో. మాటలు మానేసిన చెల్లెలితో మాట్లాడాలని ఉందేమో. ఒంట్లో ఓపిక ఉండగానే ప్రభురాత్రి భోజనంలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో) పాలుపంచుకోవాలనీ, పొలం కాగితాల సంగతి తేల్చేయాలనీ ఉందేమో. ఇల్లు చక్కబెట్టుకోవడం అంటే ఇవే.

క్షమాపణ గురించి అడిగారు. ఇప్పటిదాకా మీరు చెప్పిన అబద్ధాన్ని నేను తేలిగ్గా తీసేయను, అలాగని దానికోసం మిమ్మల్ని ఉతికేయను. షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఫరోకు అబద్ధం చెప్పారు, దేవుడు వాళ్ళకు మేలు చేశాడని నిర్గమకాండం చెబుతుంది. కాకపోతే వాళ్ళు బలవంతుడికి అబద్ధం చెప్పి బలహీనులను బతికించారు. మన ఇళ్ళలో అబద్ధం మంచంలో ఉన్న బలహీనురాలికే చెబుతాం. ఆ తేడా చూసుకోండి. అమ్మతో మాట్లాడేటప్పుడు, అప్పుడు ధైర్యం చాలక అలా అన్నానమ్మా అని ఒక్క మాట అనండి. ఆవిడ క్షమిస్తుంది, ఎలా క్షమిస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు.

రేపు మీరు చెప్పాక ఆవిడ రెండు రోజులు అన్నం మానేయొచ్చు. గోడవైపు తిరిగి పడుకోవచ్చు, హిజ్కియాలాగే. అప్పుడు అన్నయ్య "చూశావా" అంటాడు. మీకూ తప్పు చేశానేమో అనిపిస్తుంది. దేవుణ్ణి నమ్మడమంటే ఆ రోజు రాకుండా చేస్తాడని నమ్మడం కాదు. ఉన్న వెలుగులో, ప్రేమతో, ఆవిడను అడిగి ఒక పని చేశారు, ఆ తర్వాతది ఆయన చూసుకుంటాడని నమ్మి అదే గదిలో కూర్చోవడం. తినకపోతే మజ్జిగ కలిపి పెట్టండి. మాట్లాడకపోతే కాళ్ళు పట్టండి. నాలుగు రోజులు దాటినా అలాగే ఉంటే డాక్టరుకు చెప్పండి, దిగులుకు కూడా మందులుంటాయి, కౌన్సెలింగ్ ఉంటుంది.

చివరిగా ఒకటి. పాంక్రియాస్ క్యాన్సర్‌లో కడుపు నొప్పి, నడుంలోకి పాకే నొప్పి బాగా ఉంటుంది. అమ్మ "రాళ్ళ నొప్పే కదా" అని ఓర్చుకుంటోందేమో కనుక్కోండి. మీ డాక్టరును పాలియేటివ్ కేర్ (నొప్పీ బాధా తగ్గించే వైద్యం) గురించి ఇప్పుడే అడగండి, కీమో ఆపేశాక చూద్దామని ఆగవద్దు, రెండూ కలిపి నడుస్తాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మార్ఫిన్ అనగానే మత్తుమందు, అలవాటైపోతుంది అని బంధువులు భయపెడతారు. డాక్టరు లెక్క ప్రకారం నొప్పికి వేసుకునే మాత్రతో ఆ భయం అక్కర్లేదు, మలబద్ధకం మాత్రం వస్తుంది కాబట్టి దానికీ మందు రాయించుకోండి. అమ్మకు నిజం చెప్పే రోజు ఇంకా కుదరకపోయినా, ఈ నొప్పి సంగతి మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే అడిగేయండి.